పుస్తకంలో లేని తవుడు

మా చిన్నప్పుడు... ఇందుకూరుపేట దగ్గర మా ఊళ్లో, అమ్మ చేపల గంప ఎత్తుకుని బయల్దేరిందంటే చాలు, చెల్లెలు సుబ్బులు నా మెడకి చుట్టుకునేది. నేను ఐదు, అది ఒకటో తరగతి. "ఎండ్రకాయ కథ చదువుక్కా..."

బళ్లో ఇచ్చిన బొమ్మల పుస్తకం అది. ఒక ఎండ్రకాయ, అదే పీత, పెళ్లికని బయల్దేరి, పక్కకే నడిచి నడిచి వేరేవాళ్ల పెళ్లిపందిట్లో తేలుతుంది. సుబ్బులు పొట్ట పట్టుకుని నవ్వేది. రోజుకి పదిసార్లు చదవాలి... నాకేమో తొక్కుడుబిళ్ల ఆడుకోవాలి.

ఒకరోజు విసుగెత్తి, పుస్తకంలోకి చూస్తూనే లేనిది చదివాను. "సుబ్బులుని వాళ్లమ్మ కనలేదు... తవుడిచ్చి కొనుక్కుంది."

ఇంటింటా చిన్నపిల్లల్ని ఉడికించే మాటే. నోటితో అంటే అది లెక్కచేసేది కాదు. పుస్తకంలో ఉందనేసరికి నమ్మేసింది... ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మని అడగనూ లేదు, అవునంటుందేమోనని భయం. అది తెలిసి కూడా నేను సిగ్గులేకుండా ఆటకి పోయాను.

మర్నాటి నుంచి పుస్తకం అదే పట్టుకుంది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ... రాని అక్షరం పక్కింటి రమణక్కని అడిగేది, నన్ను కాదు. మధ్యలో ఎండ్రకాయ చేష్టలకి కిసుక్కున నవ్వి, మళ్లీ మొహం ముడుచుకుని వెతికేది.

ఎండాకాలం సెలవులు అయిపోయేలోపు వచ్చి నా ముందు నిలబడింది.

"అక్కా, మొత్తం చదివినా. తవుడు అనే మాట యాడా లేదు."

దాని మొహంలో కోపం లేదు, సంతోషం... అది చూసి నాకు తలెత్తబుద్ధి కాలేదు. తప్పైపోయిందన్న మాట కూడా నోటికి రాలేదు.

ఆ తర్వాత బళ్లో ఉన్న నవ్వుల పుస్తకాలన్నీ అదే తెచ్చుకుని చదువుకుంది. నన్ను చదవమని మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లతో అంటుంది, "పెద్దది కూర్చోబెట్టి చదివి వినిపించబట్టే చిన్నదానికి చదువంటే ఇష్టం పుట్టింది" అని. సుబ్బులు నా వంక చూసి ఊరుకుంటుంది. నాకు చచ్చేంత సిగ్గు.

ఇప్పుడు మా పిల్లలకి కథలు ఫోనే చదివి పెడుతోంది. అది విసుక్కోదు, అబద్ధమాడదు... పిల్లలు తమంతట తాము చదువుకునే అవసరమూ రానివ్వదు.

మీరూ మీ చిన్నవాళ్లకి ఇలా లేనిది చదివి ఏడిపించారా? ఏడిపించి ఉంటే చెప్పండి, నాకు కాస్త తోడుంటుంది...

ఈ పోస్టు సుబ్బులు కూడా చదువుతుంది. తప్పు నాదే చెల్లీ... ఈసారి ఉన్నదే రాశాను.