ఆఖరి కట్ట ఏమైంది?

నా నవల ఆఖరి భాగాన్ని మాయం చేశారు. పట్నం నుంచి దాన్ని కొనుక్కొచ్చింది నేను. చదవమని మెదక్ ఊరంతటికీ చాటింది నేను. తీరా ఆఖర్న ఏమైందో తెలియక ఏళ్లకేళ్లు వేగిపోయిందీ నేనే. ఇందులో న్యాయం ఎక్కడుందో చదువుకున్నవాళ్లు, మీరే చెప్పండి.

ఆ రోజుల్లో ఊళ్లోకి ఒక నవల వచ్చిందంటే కొత్త అల్లుడు వచ్చినట్టే. ఎవరింట్లో దిగింది, ఎన్నాళ్లుంటుంది, మనింటికి ఎప్పుడొస్తుంది అని అందరికీ ఒకటే ఆరా. (ఇప్పుడు మా మనవరాలు తన ఫోనులో వేల పుస్తకాలున్నాయంటుంది. ఏం చదువుతున్నావే అంటే, ఏది చదవాలో ఇంకా చూసుకుంటున్నా తాతా అంటుంది.) నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ తర్వాతి చదువంతా కిరాణా పొట్లాల కాగితాల మీదా, బస్టాండు దగ్గర నేను నడిపిన సైకిల్ షాపు బల్ల మీదా సాగింది. షాపు గోడకు ఒక పలక వేలాడుతుండేది. పంపు చెడిపోయినప్పుడు "గాలి లేదు" అని రాయడానికి పెట్టిన పలక అది. పంపు బాగున్న రోజుల్లో ఊరికే వేలాడడం దేనికని, నేను చదువుతున్న నవల పేరు దాని మీద రాయడం మొదలుపెట్టాను. నచ్చితే "తప్పక చదవండి" అనీ, నచ్చకపోతే "టైము దండగ" అనీ కింద ఒక ముక్క. మొదట్లో నవ్వారు. పోనుపోను టేక్మాల్ బస్సు దిగినవాళ్లు కూడా ఒకసారి పలక దిక్కు చూసి పోయేవారు. బీయేలు పాసైనవాళ్లు దాని ముందు నిలబడి తల ఊపుతుంటే నేను వంచిన తల ఎత్తకుండా గాలి కొడుతుండేవాణ్ణి. ఊళ్లో నాకు పొలం లేదు, ఇల్లు లేదు. ఆ పలక మీది మాటకున్న విలువే నా ఆస్తి.

అట్లాంటి రోజుల్లో దొరికింది ఆ నవల. (పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ఆఖర్న మీకే తెలుస్తుంది.) వానలో తడిసి ముద్దయిన ఒక మనిషి దొరగారి గడీకి వస్తాడు. చేతిలో ఇనుప పెట్టె. దాన్ని ఎవరినీ ముట్టనివ్వడు, పడుకున్నా దాని మీదే తల. దొర కూతురికి వాడంటే ప్రాణం. కానీ పెట్టెలో ఏముందని అడిగితే చాలు, వాడి ముఖం మాడిపోతుంది. మూడింట రెండు వంతులు చదివేసరికి నాకు మనసు ఆగలేదు. చాక్‌పీసు తీసుకుని పలక నిండా రాసేశాను: "మెదక్‌లోకి ఇలాంటి నవల ఇంతవరకు రాలేదు. పెట్టెలో ఏముందో చెప్పినవాడే మొగవాడు!"

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి జనం. అందరికన్నా ముందు మిషను బడి టీచరమ్మ, ఆమె వెనకాల దవాఖాన కంపౌండరు. పుస్తకం ఒకటి, చేతులు పది. లాగులాటలో అట్ట ఊడింది. అప్పుడు మా జిల్దు చాచా (పుస్తకాలకు అట్టలు కట్టే ముసలాయన) అడ్డం వచ్చి, "అరే, గట్ల గుంజకుండ్రి! నేను మూడు కట్టలు చేసిస్త. ముగ్గురు ఒక్కసారే చదువుకోవచ్చు" అని బ్లేడుతో కుట్లు విప్పాడు. ఆయనకు తెలుగు చదవరాదు. మజూరీ వద్దు, కథ చదివి వినిపిస్తే చాలన్నాడు. మరి ఆఖరి కట్ట ముందు నాకివ్వాలి కదా? కంపౌండరు ఒప్పుకోలేదు.

"నువ్వు ముందుగాల చదివితే పంక్చరేసుకుంట అందరికి చెప్పేస్తవు. దావతిచ్చినోడు ఆఖరి బంతిల కూసుంటడు. ఔనా కాదా?"

ఔనన్నాను. మర్యాదకు పోయి మునిగిపోయిన మనిషిని నేనే.

ఇక చూడండి నా అవస్థ. కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు. పెట్టె సంగతి ఆలోచిస్తూ గాలి కొట్టి కొట్టి పోస్ట్‌మాన్ సైకిల్ ట్యూబు పేల్చాను. పెట్టెలో మొదటి పెళ్లాం నగలున్నాయని చాచా అనేవాడు, కంపౌండరు పుర్రె ఉందనేవాడు. అందరికన్నా వేగంగా చదివేది టీచరమ్మ గనక ఆఖరి కట్ట ముందు ఆమె చేతికి పోయింది. ఆ సోమవారం ఆమె ఉత్త చేతులతో షాపుకొచ్చింది.

"తమ్మీ, కట్ట పోయింది. సంచిల పెట్టుకొని చర్చికి పోయిన. పాటలయినంక చూస్తే లేదు."

"ఆఖర్న ఏమైందో మీరన్న చదివిండ్రా టీచరమ్మా?"

"నేను సుత చదవలే" అని ఆమె పలక దిక్కు చూసింది.

ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు అప్పజెప్పించే మనిషి. ఆమె మాటను ఎవరు శంకిస్తారు? కాబట్టి మిగిలిన ఊరినంతా శంకించాను. దవాఖానకు పోయి రోగుల వరుసలో నిలబడ్డాను. నా వంతు రాగానే, "కంపౌండర్ సాబ్, ఇజ్జత్ పోకముందే కట్ట ఇచ్చేయుండ్రి" అన్నాను. ఆయన నా నాలుక చూసి, కళ్ల రెప్పలు ఎత్తి చూసి, ఎర్ర మందు సీసా చేతిలో పెట్టి, "పొద్దుమాపు తాగు, జర నిద్ర పడ్తది" అన్నాడు. చాచానూ వదల్లేదు. తెలుగు రాని మనిషిని అడిగానంటే నా పరేషాను ఏపాటిదో చూడండి. "అరే భయ్, నాకు ఒక్క అచ్చరం రాదు. నీ కట్ట తీస్కపోయి ఏం చేస్త, రొట్టెల నంజుకుంటనా?" అని కసిరి, మళ్లీ తనే మెల్లగా, "దొరికితే మాత్రం నాకు చదివి చెప్పు" అన్నాడు.

పట్నం పోయినప్పుడల్లా ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలన్నీ తిరగేశాను. దొరకలేదు. చిత్రమేమిటంటే, కట్ట పోయిన నాటి నుంచి పలకకు గిరాకీ ఇంకా పెరిగింది. బట్టల దుకాణం ముందు, బస్సులో, ఆఖరికి పెళ్లి పందిట్లో కూడా ఆ పెట్టె మీదే వాదన. "అన్నా, నువ్వు చెప్పిన కితాబు నిద్ర పోనిస్తలే, ఇంకొకటి చెప్పు" అని కుర్రకారు నా చుట్టూ మూగేవారు. వాళ్లకేం, హాయిగానే ఉన్నారు. రగిలిపోయింది నేనొక్కణ్ణే.

చాలా ఏళ్లకు, పింఛను మీద ఇంట్లో కూర్చున్న టీచరమ్మను చూడడానికి బత్తాయిలు పట్టుకుని పోయాను. సైకిల్ షాపు ఎప్పుడో మూసేశాను. అయినా ఆమె మొదటి మాట, "ఏమయ్యా, పలక మీద ఇప్పుడేం నడుస్తున్నది?" అనే. "ఏం నడిచినా ఏమున్నది టీచరమ్మా! చచ్చేలోగ ఆ కట్ట దొంగ నా చేతికి దొరకాలె" అన్నాను. ఆమె దగ్గొచ్చేదాకా నవ్వి, అద్దాలు తుడుచుకుని నిజం చెప్పింది. విని, ఆమె కోసం ఒలిచిన బత్తాయిని నేనే తినేశాను. నా కోపం ఇప్పటికీ పోలేదు. కాకపోతే చాక్‌పీసు చేతపట్టుకుని లోకానికి తీర్పులు చెప్పిన ఆ పిల్లగాడు గుర్తొచ్చినప్పుడల్లా, కోపం మధ్యలో ఎక్కడో నవ్వు వస్తుంది. టీచరమ్మ అన్న మాట ఇదీ:

"ఆ రాసినాయన పెట్టెను మర్చేపోయిండు, తమ్మీ! ఆఖరి కట్టంత ఎతికిన, పెట్టె ముచ్చటే లేదు. పిల్లకు లగ్గం చేసి చేతులు దులుపుకున్నడు. నువ్వేమో పలక నిండ రాసి పెడ్తివి. బీయేలోళ్లు తలకాయ ఊపుతుంటె గాలి కొట్టుకుంట ఓరకంట సూస్తుంటివి. గా కట్ట చదివితే నీ పలక దిక్కు మల్ల ఎవరన్న సూస్తరా? అందుకే నీళ్ల పొయ్యిల పెట్టిన. అబద్ధమాడినందుకు ఆ వచ్చే ఆదివారమే మాఫీ అడుక్కున్న. దేవుడు అప్పుడే మాఫ్ చేసిండు, నువ్వే ఇంక చెయ్యలే."