పసుపు పేజీలో పొందూరు పంచె

2023 వేసవి. రాజాంలో నేను పనిచేసుకునే చిన్న గది. విజయనగరంలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఏళ్లతరబడి రంగులు కలిపి, ఆ పని మానేశాక వెబ్ పేజీలు కట్టడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. ఎవరూ నేర్పలేదు. అందుకే కట్టిచ్చిన పనిలో ఎవరైనా తెలియకుండా వేలు పెడితే నాకు ఒళ్లు మండుతుంది.

పొందూరులో ఖద్దరు కొట్టు నడిపే సూర్నాయుడికి, తెల్లటి పేజీ మీద పంచెల ఫొటోలు పెట్టి సైటు కట్టిచ్చాను. కొన్నాళ్లకే గదికొచ్చాడు. వెంట నేతగాడు లచ్చన్న, చంకలో పంచె.

"సూడండి మేస్టారూ, ఈ మావకి సేత్తో ఒడికిన నూలిస్తే మిల్లునూలు కలిపీసినాడు. ఫొటోలో తేనెరంగు, కొన్నోలికి ఎళ్లినాది పాలిపోయిన రంగు. అందరూ తిప్పి పంపీసినారు. ఈడికింక నూలివ్వను."

"కలిపితే నా సెయ్యి పడిపోవాల బావూ," అన్నాడు లచ్చన్న నాతో.

సైటు తెరిచాను. పేజీ అంతా పసుపు!

"ఎవడు మార్చాడయ్యా?"

"నానేనండి. తెల్లపేజీ బోసిగా ఉన్నాదని పసుపేసినాను. ఫొటోల సుట్టూ తెల్ల డబ్బాలు అగుపించినాయి. వీడియో సూసి ఒక ముక్క తగిలించినాను, మాయమైపోనాయి!"

ఆ ముక్క mix-blend-multiply. ఇది ఒక utility class, అంటే ఒక చిన్న పనికి ముందే కట్టిపెట్టిన పేరు. పేజీలో దేనికి తగిలిస్తే అది ఆ పని చేస్తుంది. ఇది తగిలిస్తే ఫొటో రంగూ, వెనకున్న పేజీ రంగూ కలిసిపోతాయి. పసుపు కాగితం మీద ఫొటో అచ్చువేసినట్టే: తెలుపుండాల్సిన చోట ఇంకు పడదు, కాగితమే కనబడుతుంది. లేత రంగులకీ అదే గతి. డబ్బాల తెలుపుతో పాటు పంచె అసలు రంగూ పోయింది.

"డబ్బా పోతే పంచె రంగు మారతాదేటండీ?" అని సూర్నాయుడు నాతోనే వాదన.

ఫొటో పెద్దది చేశాను. పంచె మీద ధర చీటీ ఉంది.

"ఈ చీటీ ఏ రంగు?"

"తెల్లకాగితం. నానే అంటించినాను."

"తెరమీద?"

"...పసుపు."

"అయితే కాగితంలో కూడా లచ్చన్న మిల్లునూలు కలిపాడా?"

ఆ ముక్క తీసేసి ఫొటోలకి mix-blend-normal తగిలించాను. రంగులు కలపకుండా ఉన్నదున్నట్టు చూపే పేరది. లచ్చన్న తెచ్చిన పంచె మడత విప్పి తెర పక్కన పట్టాను. రెండూ ఒకటే.

"తెల్ల డబ్బాలు మళ్లీ వచ్చీసినాయండీ!" అన్నాడు సూర్నాయుడు. ఒక మనిషి కూడు పోతుంటే ఈయనకి డబ్బాల గొడవ! నా చూపు చూసి లచ్చన్న వైపు తిరిగాడు. "సర్లే మావా, పొరపాటైపోనాది. రేపొచ్చి నూలట్టుకెళ్లు."

లచ్చన్న కదల్లేదు. "నాను దొంగనని కొన్నోలందరికీ సెప్పీసినావు. కాదని ఆలకెవులు సెప్తారు?"

"అది రాస్తే నా కొట్టు పేరేటవుతాది?"

"రాసేదాకా నీ సైటు ముట్టను," అన్నాను.

గొణుక్కుంటూ ఫోనులో రాశాడు. లచ్చన్నకి చదువు రాదు, నేనే చదివి వినిపించాను: "నేతలో లోపం లేదు. రంగు తప్పు మా పేజీది."

"పేజీది కాదు, తనదనమనండి," అన్నాడు లచ్చన్న.

సూర్నాయుడు నావైపు చూశాడు. కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. దిద్ది, అందరికీ పంపాడు.

ఇప్పుడు రంగులు కలిపే class ఎవరడిగినా, ముందు అసలు సరుకు తెచ్చి తెర పక్కన పెట్టమంటాను. చాదస్తం అంటారు. అననీ. తెరమీద రంగు తప్పితే తప్పించిన ముక్క పేజీలోనే ఎక్కడో ఉంటుంది. సరుకు చేసినవాణ్ణి అనేముందు దాన్ని వెతకాలి.