కాటుకి సున్నం

ఇదొక మహాకావ్యం. విషపు కాటు, వంశగౌరవం, ఒక సింహాసనానికి ముప్పు, అన్నీ ఉన్నాయి ఇందులో. నిజం చెప్పాలంటే ఇది మా అక్క తొమ్మిదో తరగతి లెక్కల పరీక్ష కథ. సింహాసనమంటే వచ్చే ఏడాదికని నేను ముందే కన్నేసి ఉంచిన కిటికీ పక్క బెంచీ.

బెంగాలీవాళ్ల ఊళ్లో, ఓడరేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో ఉండేవాళ్లం. నాన్నకి డాక్‌లో పని. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బడిలో బెంగాలీ. నాకంటే ఒక క్లాసు ముందున్న అక్క ఆ ఏడు లెక్కల్లో తప్పింది. ఇంకో పరీక్ష పెడతామన్నారు. అదీ పోతే మళ్లీ తొమ్మిదే, అంటే నేను వెళ్లబోయే క్లాసే.

"తమ్ముడితో ఒకే క్లాసా! నాను బడి మానేస్తాను" అని ఏడ్చింది. ఆ మాట నేను అనాల్సింది. ఏడవడంలో మాత్రం ఆవిడ ఎప్పుడూ ఫస్టే.

తిరకాసంతా ఒకే రకం లెక్కలో. మాస్టారు బోర్డు మీద రెండు అక్షాలు వేసి, వాటి మీదుగా ఏటవాలుగా ఒక గీత లాగి "కోథాయ్ కాటే?" అనేవారు, ఎక్కడ ఖండిస్తుందని. అక్క చెవికి అది అచ్చంగా మన కాటే. గీత పాములా వచ్చి ఎక్స్ అక్షాన్ని కరిచేది. కాటు పడ్డవాడు పోయినట్టే కదా అని ఎక్స్‌నే సున్నా చేసేది. జవాబులన్నీ తారుమారు.

ఒక మధ్యాహ్నం, కింద దర్జీ పారేసిన సుద్దముక్కతో నేల మీద అక్షాలు గీశాం. లెక్క 2x + 3y = 6. పుస్తకం నా చేతిలో ఉంది. నాకు లెక్కలొచ్చని కాదు, జవాబులు చివరి పేజీల్లో ఉంటాయని.

"ఎక్స్‌ని ఎక్కడ కాటేసింది?" అన్నాను.

"రెండు దగ్గర."

"తప్పు. మూడు."

"ఏటే, ఏటి కాటేసింది?" అమ్మ సున్నం డబ్బాతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "తేలా, జెర్రా? ఎవులికి?"

"ఎక్స్‌కి" అన్నాను.

"ఆడెవుడ్రా?"

"మన సందులోవోడు కాదులే అమ్మా."

"ఎవుడైతే ఏటి, సున్నమెట్టండి!"

"కాటు తిన్నోడే ఎట్టుకుంటాడులే" అంది అక్క విసుగ్గా.

"నొప్పికి గెంతుతుంటే ఆడి చేతిలో సున్నముంటాదేటే? పక్కోడి కాడుంటాది. ఆడెట్టాల!"

అక్క నేలకేసి చూసింది. ఎక్స్‌కి కాటు పడితే సున్నా పక్కవాడి దగ్గర. వై సున్నా అయితే ఎక్స్ మూడు. వైకి కాటు పడితే ఎక్స్ సున్నా, వై రెండు. చివరి పేజీ తిప్పాను. రెండూ సరిపోయాయి. అమ్మ అప్పటికింకా మంచం కింద తేలు కోసం వెతుకుతోంది.

పరీక్షలో 3x = 2y ఇచ్చారు. చివర ఒక అంకె అచ్చులో ఎగిరిపోయిందని తక్కినవాళ్లు మొహాలు చూసుకున్నారట. అక్క తడుముకోలేదు. ఇద్దరికీ ఒకే చోట కాటు, ఇద్దరి చేతుల్లోనూ సున్నమే. అక్షాలు కలిసేచోటే, (0, 0), అని రాసి పెన్ను మూసేసింది.

పాసైంది. "ఇంక బళ్లో నీ మొహం సూడక్కర్లేదురా" అని సందంతా వినేలా చెప్పింది. నేనూ నిశ్చింతగా వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాను.

పదో తరగతి గది కప్పు కారుతోందని ఆ ఏడు రెండు క్లాసుల్నీ మా గదిలోనే కూర్చోబెట్టారు. బెంచీకి ముగ్గురు పడతారు.