చొక్కా మాడితే మంచి ఎపిసోడు

పొద్దున్నే ఇల్లు ఊడ్చి, ఇస్త్రీ మూట పట్టుకుని కిందికి దిగడం పెళ్ళయినప్పటి నుంచీ నాకు అలవాటు. మూటలో మా ఆయన చొక్కాలే ఎక్కువ. ఆయన రంగుల దుకాణంలో పనిచేసేవారు. డబ్బాల మధ్య తిరిగే మనిషికి ఇస్త్రీ చొక్కా ఎందుకని సణిగేదాన్ని. "రంగు కొనేవాడు ముందు నా చొక్కా చూస్తాడు" అనేవారు. ఇప్పుడు మూట లేదు. నావి ఒకటో రెండో చేతి మీద వేసుకుని దిగుతాను.

మెట్ల కింద ఖాళీలో బాబాయి ఇస్త్రీ బల్ల. నాకు చుట్టమేమీ కాదు, ఈ మేడలో అందరికీ బాబాయే. నన్ను అమ్మాయ్ అంటాడు కాబట్టి మా ఆయన అతనికి అల్లుడయ్యారు. ఆ వరస అడ్డం పెట్టుకుని మామా అల్లుళ్ళు రోజూ పోట్లాడుకునేవారు.

పోట్లాటంతా ఒక అనిమే గురించి. బొమ్మల సీరియలే కానీ పిల్లలు చూసేది కాదు. చావుల ఆఫీసులో ఒక గుమాస్తా ఉంటాడు. ఎపిసోడుకొక మనిషిని తీసుకుపోవడానికి గొడుగు పట్టుకుని వస్తాడు, వచ్చిన ప్రతిచోటా ఏదో ఒకటి తగలేస్తాడు. నవ్వొస్తుందట, నవ్వినందుకు కాసేపు సిగ్గూ వేస్తుందట. బాబాయి ఫోనును నీళ్ళ డబ్బాకు ఆనించి, ఒక చేత్తో ఇస్త్రీపెట్టె తోస్తూ చూసేవాడు. బట్టలిచ్చి పోదామని వచ్చినవాళ్ళు అక్కడే పాతుకుపోయేవారు.

మూడో అంతస్తు టీచరమ్మ "వీడు పనికిరాని గుమాస్తా. మా స్కూల్లో అయితే ఎప్పుడో పీకేసేవాళ్ళు" అనేది. మందుల షాపాయన "మొదట్లో బాగుండేది బాబాయ్, ఇప్పుడు మరీ సాగదీస్తున్నాడు" అనేవాడు. అంటూనే షాపు గాలికొదిలేసి చివరిదాకా నిలబడేవాడు.

బాబాయి మాత్రం తన అభిప్రాయం నోటితో చెప్పేవాడు కాదు, బట్టల మీద చెప్పేవాడు. ఎపిసోడు మామూలుగా ఉంటే మడత కత్తిలా వచ్చేది. బాగుంటే కాలరు కాస్త ఎర్రబడేది. మరీ బాగుంటే పెట్టె ఉన్నచోటే ఉండిపోయేది. "ఏం బాబాయ్, నిన్నటిది అంత బాగుందా?" అని టీచరమ్మ తన దిండు గలీబు ఎత్తి చూపిస్తే, "ఏం చేయనమ్మా, గుమాస్తా నిచ్చెన మీంచి పడ్డాడు" అనేవాడు, ఆ నిచ్చెన తనే పట్టుకున్నట్టు. అయినా ఎవరూ ఇంకో చోటికి పోలేదు. మాడినవి నా దగ్గరికి తెచ్చేవారు. మాసిక వేయడం నాకు వచ్చిన ఒకే ఒక విద్య.

మా ఆయనకు ఆ సీరియలంటే పడదు. "చావు మీద హాస్యమేంటి మామా, బుద్ధి లేకుండా" అనేవారు. ఒక్క ఎపిసోడూ వదిలేవారు కాదు. భోజనం దగ్గర కథంతా తిట్టుకుంటూ నాకు చెప్పేవారు. నేను ఒక్కటీ చూడలేదు, అన్నీ ఆయన తిట్లలోనే విన్నాను.

చివరి రాత్రి మాత్రం ఏమీ చెప్పలేదు. నా మొహం వంక చూడకుండా తిన్నారు. "ఏంటి, ఇవాళ గుమాస్తాకు సెలవా?" అన్నాను. "ఆఁ" అని లేచి చెయ్యి కడుక్కున్నారు. మర్నాడు దుకాణంలోనే గుండె ఆగిపోయింది.

ఆ మౌనం నన్ను వదల్లేదు. దేనికి అలిగారు, నేనేమన్నాను, ఒంట్లో బాగోలేక దాచారా? ఆ రోజు పొద్దున్నుంచీ నేనన్న ప్రతి మాటా తిరగేసుకున్నాను. ఏదీ అంత పెద్ద మాటగా కనిపించలేదు.

ఆ తర్వాత నేను కిందికి దిగితే చాలు, బాబాయి ఫోను బోర్లా పెట్టేసేవాడు. టీచరమ్మ నవ్వు మధ్యలో మింగేసేది. మందుల షాపాయన వాన గురించి మాట్లాడేవాడు. నేను మెట్ల మలుపు తిరగ్గానే మళ్ళీ నవ్వులు. మొగుడు పోయినదాని ముందు చావు సీరియల్ ఏం బాగుంటుందని వాళ్ళ మర్యాద. బాబాయి మర్యాద మరీ ఎక్కువ. నా బట్టలు ఒక్క మచ్చ లేకుండా ఇచ్చేవాడు, నా మొహం మాత్రం చూసేవాడు కాదు.

మొన్న నాకు విసుగొచ్చింది.

"ఫోను తిప్పు బాబాయ్."

"ఎందుకులే అమ్మాయ్, ఏదో చెత్త."

"చెత్తో కాదో నేను చెప్తాను. నీ అల్లుడు ఇన్నాళ్ళు తిట్టారు, ఇప్పుడు నా వంతు."

"వానొచ్చేలా ఉంది" అన్నాడు మందుల షాపాయన.

"ఎండ పేలిపోతుంటే వానేంటయ్యా, ఊరుకో" అంది టీచరమ్మ.

నలుగురం చూశాం. అయిపోయాక ముగ్గురూ నా వంక చూశారు. "అంతా బాగానే ఉంది కానీ, ఊళ్ళో చావులన్నీ తిరిగేవాడికి చొక్కా ఇంత తెల్లగా ఎలా ఉంటుంది? ఎవరు ఇస్త్రీ చేస్తారు?" అన్నాను.

"బాబాయి అయితే కాదు. మచ్చ లేదుగా" అంది టీచరమ్మ.

అందరం నవ్వాం, బాబాయి తప్ప. అతను బల్ల కిందికి వంగి, దుప్పట్ల అడుగు నుంచి ఒక కాగితం పొట్లం తీశాడు. అందులో నేను చేత్తో కుట్టిన నీలం చొక్కా. బీరువా అంతా వెతికినా దొరకనిది. వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు, మొన నుంచి మడమ దాకా.

"అల్లుడు పోయే ముందు రోజు ఎపిసోడులో గుమాస్తా ఒక ముసలాయన కోసం వచ్చాడమ్మాయ్. 'మా ఆవిడ బయట తాళం వేసుకుని పోయింది, ఎలా రాను' అన్నాడు ముసలాయన. సరే అని ఇద్దరూ కూర్చున్నారు."

"మరి గుమాస్తా లోపలికెలా వచ్చాడు?" అంది టీచరమ్మ.

"చావుల ఆఫీసోడికి తాళమేంటమ్మా?"

"అలాగే తీసుకుపోవచ్చుగా మరి?"

"పనికిరాని గుమాస్తా అని నువ్వే అన్నావుగా. చెప్పనీ. ఆవిడ వచ్చింది. కడిగిన గచ్చు మీద చెప్పులతో ఎవడ్రా నువ్వని వాడి చేత ఇల్లంతా తుడిపించింది. వాడు వచ్చిన పని మర్చిపోయి, గొడుగు కూడా వదిలేసి పరిగెత్తాడు. అల్లుడు నా చెయ్యి పట్టేసుకున్నాడు. 'మామా, ఇది మాత్రం నిజం. మా ఇంటికొస్తే నీ కూతురు వీణ్ణి ఇంతే చేస్తుంది' అని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. చెయ్యి వదల్లేదు. పెట్టె ఆ చేతిలోనే ఉంది."

"తర్వాత?"

"చొక్కా చూసి తెల్లబోయాడు. 'ఇది తనే కుట్టింది మామా. నువ్వు దాచెయ్, నేను నోరు మూసుకుంటా. కథ ఎత్తితే నవ్వొస్తుంది, నవ్వితే అడుగుతుంది, అడిగితే చెప్పేస్తా. రెండ్రోజులాగి ఇద్దరం కలిసి తిట్లు తిందాం' అన్నాడు. ఆ రెండో రోజు రాలేదమ్మాయ్. నీ మొహం చూడలేకపోయాను."

అలక కాదు, భయం. ఇన్నాళ్ళు నేను వెతికింది ఇది. నవ్వాను. కాస్త ఏడ్చాను కూడా అనుకుంటాను, మందుల షాపాయన మళ్ళీ వాన సంగతి ఎత్తాడు. మా ఆయన కోసం వచ్చినవాడు తెలివిగా ఇంటికి రాకుండా దుకాణానికి వెళ్ళాడు. ఇంటికొచ్చి ఉంటే తుడిపించేదాన్నే.

చొక్కా పైకి తెచ్చి, అదే గుడ్డ ముక్క వెతికి, సూదికి నీలం దారం ఎక్కించాను. ఆ సీరియలును ఆయన మెచ్చుకున్నది ఈ ఒక్కసారే. కాసేపు చూసి, దారం లాగి ఉండకు చుట్టేశాను.

"ఇంకా మాసిక వేయలేదా?" అని టీచరమ్మ ఇవాళ కింద అడిగింది.

"తీరిక ఎక్కడిది టీచరమ్మా?" అన్నాను, ఫోను మీంచి చూపు తిప్పకుండా.