గవర్రాజు చెక్కిన చేప

కంచరపాలెం గవర్రాజు చెక్కిన రాతిచేపని పిల్లి ఎత్తుకుపోయింది. సరే, ఎత్తుకుపోలేదు, నాకింది. నాకడం మాత్రం నా కళ్ళతో చూశాను. అబద్ధాలాడి కాన్వెంటులో సిస్టర్ల చేత బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి, ఇంతకన్నా తగ్గించలేను.

గవర్రాజు ఇల్లిల్లూ తిరిగి రుబ్బురోళ్ళకు గంట్లు పెట్టేవాడు. అందరూ గ్రైండర్లు కొనేశాక ఆ పని పోయింది. 2004లో బీచ్ రోడ్డు పక్కన శిల్పుల శిబిరం పెడితే, ఉలులు కొలిమిలో కాల్చి పదునుపెట్టే పనికి కుదిరాడు. నలభైమంది శిల్పులు, నలభై సుత్తుల మోత. ఒకరి బొమ్మకి ముక్కు తేలితే మిగతావాళ్ళంతా పని ఆపి చూడ్డానికి పరుగెత్తేవారు. ఒక్కపూటైనా ఆ వరసలో కూర్చుని చెక్కాలని గవర్రాజు ఆశ. అడగడానికి సిగ్గు. "అడుగు బావా" అని నేను రోజూ పొడిచేవాణ్ణి.

మూడోరోజు శ్రీరామ్మూర్తి అనే గోదావరి శిల్పి, నెత్తిన చేపలతట్టతో నిలబడిన ఆడమనిషిని చెక్కడం మొదలుపెట్టాడు. ఉలి ఇవ్వడానికెళ్ళిన గవర్రాజు చెవి రిక్కించాడు.

"ఆగండి బాబూ. రాయి సరిగా పలకట్లేదు. లోపల పగులుంది."

"రోళ్ళు కొట్టేవాడివి, నీకేం తెలుసయ్యా?"

గవర్రాజు బకెట్టుడు నీళ్ళు తెచ్చి రాయిమీద గుమ్మరించాడు. ఎండకి రాయంతా ఆరిపోయింది. మెడ రావాల్సినచోట మాత్రం సన్నటి తడిగీత మిగిలింది. నలభైమందీ మూగారు. తలా ఒక దెబ్బ కొట్టి, చెవి ఆనించి, పూటంతా వాదించుకున్నారు. చివరికి పగిలిన పైభాగం తీసేసి, మిగిలిన రాయిలో ఆమెను ఒళ్ళో తట్టతో కూర్చోబెడదామన్నారు.

శ్రీరామ్మూర్తి తన సుత్తి గవర్రాజు చేతికిచ్చాడు. "తట్టలో చేప నువ్వే చెక్కు."

గవర్రాజుకి వచ్చినవి రోలు గంట్లే. వాటినే చిన్నవిగా, వరసగా కొట్టుకుంటూ పోయాడు. సాయంత్రానికి చేప ఒంటినిండా పొలుసులు లేచాయి! "మాక్కూడా చూపించవయ్యా" అంటూ శిల్పులు చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మర్నాడు ఒకాయన ఆ సంబరంలో నంది తోకకి కూడా పొలుసులు పెట్టేశాడు.

ఇదంతా రాసి గవర్రాజుకి చదివి వినిపించాను.

"ఏటి బావా ఈ కోతలు? నాను ఉలులు పదునెట్టేసి ఇంటికెల్లిపోనాను. సేపా సెక్కలేదు, ఏటీ సెక్కలేదు."