బాప్తిస్మానికి చిన్నవాడు

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పిన క్షణం నుంచి ఈ రోజు దాకా అది నన్ను కుదురుగా నిద్రపోనివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. నా పేరు అడగకండి.

కొడవలూరు దగ్గర మాకు కాస్త మాగాణి ఉంది. ఊళ్ళో సంఘపెద్దను. గుడిలో ముందు బెంచీ నాది. నాకు ఒక్కడే కొడుకు. ఆ ఏడు వాడు బాప్తిస్మం తీసుకుంటానంటే, పాస్టరుగారి ముందే నేను వద్దన్నాను. "పదిహేనేళ్ళ వెధవకు ఏం తెలుసండీ, ఇంకా పసితనం పోలేదు" అన్నాను. వాడు తల వంచుకున్నాడు. ఆ వేసవిలోనే, ఎద్దులకు నీళ్ళు పెట్టలేదని చెర్నాకోలతో బాదితే, ఇల్లు విడిచి పోయాడు.

వెతకలేదు. ఆకలైతే వాడే వస్తాడులే అనుకున్నాను. రాలేదు. కోతలప్పుడు బిట్రగుంట నుంచి పోలీసు కబురు వచ్చింది. రైలు బొగ్గు దొంగిలించే గుంపులో దొరికాడట. నా కొడుకు! దొంగ! సంఘంలో తల ఎట్లా ఎత్తుకోను? స్టేషనుకు పోయే దారి పొడవునా ఇదే ఆలోచన. వాడు అన్నం తిన్నాడో లేదో అని ఒక్కసారైనా అనుకున్నానా? లేదు.

ఇన్‌స్పెక్టరు మంచివాడు. కుర్చీ వేయించి నిదానంగా చెప్పాడు. "పిల్లోడు మైనరైతే నీ పూచీ మీద పంపించేస్తామయ్యా. ఇక వాడేం చేసినా నువ్వే జవాబుదారీ. మేజరైతే మాత్రం మిగతావాళ్ళతో పాటు జైలుకు పోతాడు. వయసెంత?"

వాడు గోడ వారగా నిలబడి నన్నే చూస్తున్నాడు. చిక్కిపోయాడు. మా మామగారి పోలిక, మనిషి పొడుగు. జవాబుదారీ అన్న మాట దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది. ఈ దొంగకు నేను జవాబు చెప్పాలా?

"మైనరు కాదు సార్. పద్దెనిమిది దాటినాయి. వాడికీ నాకూ సంబంధం లేదు."

నా గొంతేనా అది? ఇన్‌స్పెక్టరుకు నమ్మకం కలగలేదు. వాడి వైపు తిరిగాడు. "ఏరా, నిజమేనా?" వాడు కాదంటే చాలు, ఇంటికొచ్చేస్తాడు.

"మా నాయన అబద్ధం చెప్పడు సార్" అన్నాడు.

అప్పుడైనా నోరు తెరవచ్చు కదా? వాణ్ణి కౌగిలించుకుని, కాదు సార్, నేను పాపిని అని అరవచ్చు కదా? చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాను. బాప్తిస్మానికి చిన్నవాడు జైలుకు పెద్దవాడెట్లా అయ్యాడు? చేసింది నేనే, అయినా ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

వాకిట్లోనే నా భార్య ఎదురొచ్చింది. "బిడ్డేడయ్యా?" చట్టం ఒప్పుకోలేదన్నాను. నమ్మింది. విడుదలయ్యాక వాడు ఇంటికి రాలేదు. ఎక్కడున్నాడో, అసలున్నాడో లేడో. ప్రతి ఆదివారం ఆమె లేచి, తప్పిపోయిన బిడ్డ కోసం ప్రార్థన చేయమంటుంది. సంఘపెద్దను కనుక ఆ ప్రార్థన చేసేది నేనే. అందరూ ఆమేన్ అంటారు.

ఆమెకు చెబుతానా? ఆ ధైర్యం ఉందో లేదో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ రోజు ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్నకు ఇక్కడైనా జవాబు చెప్పనివ్వండి.

సార్, వాడికి పదిహేనేళ్ళు. వాడు నా కొడుకు.