వెనక రెండూ అత్తవి

ముందే ఒప్పుకుంటే పాపం సగం పోతుందంటారు కాబట్టి ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. కావాలని కాదు, చెయ్యి తిరిగిపోయింది. గుప్పెడు పిండి ఇస్తే నలుగురికి పూరీలు వత్తేవాళ్లుంటారు, నేను అదే పిండితో పెళ్లి పందిరి మొత్తానికి వత్తేస్తాను. మా ఇంట్లో పొద్దున ఒక బొద్దింక కనబడితే, నేను ఆఫీసుకు చేరి చెప్పేసరికి దానికి మీసాలు మెలితిరిగి, లుంగీ కూడా వచ్చేస్తుంది. (మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. ఈ మధ్య ఆరుకు పెంచిందేమోనని అనుమానం.) మీరూ అలాగే భాగించుకుంటూ చదవండి. అయితే కింద చెప్పబోయే దాంట్లో ఒక ముక్క మాత్రం పెంచింది కాదు, పూర్తిగా కల్పించింది. అదేదో చివర్లో నేనే చెప్పేస్తాను.

ఆ రోజుల్లో, అంటే మెట్రో కోసం చిక్కపేటను తవ్వి, పూడ్చి, లోపల ఏదో మరిచిపోయినట్టు మళ్లీ తవ్వుతున్న రోజుల్లో, నాకు ఇరవయ్యారేళ్లు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, చామరాజపేటలో మా మేనమామ ఇంట్లో కాపురం. (కాపురమంటే నేనూ, నా ట్రంకుపెట్టే.) మామకు చిక్కపేటలో చీరల కొట్టు, ఆ కొట్టుకు వంకాయ రంగు కారు ఒకటి ఉండేవి. దాని తలుపు వేస్తే రెండు వీధుల అవతల పావురాలు లేచి ఎగిరేవి. వారంలో ఐదు రోజులు అది చీరల మూటలు మోసేది, శనివారం మా అత్తను మోసేది. అత్తకు నడుము నొప్పి. కాడుగోడిలో ఒక కట్టు వైద్యుడి దగ్గరికి ఆమెను తీసుకుపోయే పని నాది. చామరాజపేటలో బయల్దేరేముందు నున్నగా గీసుకున్న గడ్డం కాడుగోడి చేరేసరికి మళ్లీ గుచ్చుకునేది, అంత ప్రయాణం. ఈ సేవకు బదులుగా ఆదివారం కారు నాది.

తాళంచెవి మామ మొలతాడుకు, కొట్టు ఇనప తాళంచెవుల పక్కన ఉండేది. దాన్ని విప్పి నా చేతిలో పెట్టేటప్పుడు ఆయన ముఖం కూతుర్ని అత్తవారింటికి పంపుతున్న తండ్రి ముఖంలా ఉండేది. మొదటిసారి ఇచ్చినప్పుడే షరతు చెప్పేశాడు. "చూడు అల్లుడా, మీ అత్త నడుం పట్టకూడదు. పట్టిందంటే తాళంచెవి మళ్లా నా మొలతాడుకే వస్తాది. అరిచేది గిరిచేది ఉండదు నా దగ్గర. సుమ్నే, నోరెత్తకుండా తీసేసుకొంటా." మామ మాట మీద నిలబడే మనిషి. ఒకసారి ఇడ్లీ బాగాలేదని ఒక హోటలు మెట్లు ఎక్కనని అన్నాడు. ఆ హోటలు కూలిపోయి, ఆ చోట బ్యాంకు వచ్చినా, ఆ మెట్లు ఎక్కలేదు.

ఇదంతా సవ్యంగా సాగుతుండగా ఆఫీసులో నా పక్క సీటువాడు నిప్పు రాజేశాడు. వాణ్ని అందరం పట్టిక అనేవాళ్లం, ఎందుకంటే టీ తాగాలా కాఫీ తాగాలా అన్నదానికీ కంప్యూటర్లో గళ్లు గీసి మార్కులు వేసేవాడు. ఊరి బయట ఒక రేసు ట్రాక్ ఉందట, కొన్ని ఆదివారాలు మామూలు జనం కూడా తమ కార్లు తెచ్చి తిప్పుకోవచ్చట. దసరా తర్వాతి ఆదివారానికి వాడు నా పేరు ఇచ్చేశాడు. వాడికి కారు లేదు, కాబట్టి భయమూ లేదు.

"మామ కారు బ్రో అది. మూటల వాసన వస్తుంది" అన్నాను.

"కారు మ్యాటరే కాదు బ్రో. రోడ్డుకు టచ్ అయ్యేది నాలుగు అరచేతులంత రబ్బరు. మిగతాదంతా లగేజీ. టైర్లు కరెక్ట్‌గా సెలెక్ట్ చేస్తే చాలు."

ఆ రాత్రి నుంచి నాకు కలలో టైర్లు తప్ప ఇంకేమీ దొర్లలేదు. చిక్కేమిటంటే, ట్రాక్ మీదకి జిగురు రబ్బరు టైరు కావాలి. అది వేడెక్కితే నేలను చంటిపిల్ల తల్లి కొంగు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. కానీ దాని పక్కలు పొట్టివి, బిరుసువి. గుంతలో పడితే ఆ సంగతి చక్రానికి కన్నా ముందు నడుముకు తెలుస్తుంది. పైగా తొందరగా అరుగుతుంది, నీళ్లను బయటికి తోసే గాడులు తక్కువ కాబట్టి వానలో జారుతుంది. రోడ్డు టైరు దీనికి పూర్తిగా ఎదురు. పరుపులాంటిది, ఏళ్ల తరబడి మన్నుతుంది, కానీ ట్రాక్ మలుపులో పెడితే కీచుమంటూ గగ్గోలు పెట్టి పక్కకు జారుకుంటుంది. పట్టిక నలభై మూడు నిలువు గళ్లతో లెక్క గీశాడు. అందులో అత్త నడుముకూ ఒక గడి ఉంది. దాన్ని నింపడానికి ఇంటికి వచ్చాడు.

"ఆంటీ, పెయిన్ ఒకటి నుంచి పది లోపల ఎంత?"

అత్త వాడి పళ్లెంలో నాలుగో చక్కిలం వేస్తూ అంది: "పది దాటి లెక్క రాదా నాయనా, మీ ఆఫీసులో?"

చివరికి మామ, నేను, పట్టిక కలిసి జె.సి. రోడ్డులో రబ్బరు రాయలు టైర్ల కొట్టుకు వెళ్లాం. రాయలు తాతల కాలం నుంచి బెంగుళూరులో ఉన్న మనిషి. కళ్లు మూసుకుని పాత టైరు మీద చెయ్యి పెడితే, అది ఏ వానాకాలంలో ఏ వీధి గుంతలో పడిందో, అప్పుడు డ్రైవరు ఎవర్ని తిట్టాడో కూడా చెప్పేవాడు. నా కథంతా విని, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమప్పా, అదే మనిషి పూజారిగా ఉండాల, పైల్వానుగా కూడా ఉండాలంటే ఎట్లప్పా? రెండు సెట్లు పెట్టుకో. వారానికొకటి, ఆదివారానికొకటి."

"ఇంకో నాలుగు చక్రాలు యాడ పెట్టేది?" అన్నాడు మామ. "పట్టుచీరల మధ్యనా? చీర కొనేదానికి వచ్చిన పెండ్లికూతురు రబ్బరు వాసనకి పెండ్లే వద్దంటాది."

"అట్లయితే మధ్యరకం ఒకటి ఉండాది. ట్రాక్ మీద మరీ గొప్పగా ఉండదు, రోడ్డు మీద మరీ కష్టపెట్టదు. నీకు సరిపోయేది అదే."

మధ్యరకం. ఇరవయ్యారేళ్లవాడితో అనవలసిన మాటేనా అది? పట్టిక వైపు చూశాను. వాడి లెక్కలో కూడా మధ్యరకానికే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయని తర్వాత తెలిసింది. నా ముఖం చూసి ఆ గడిని తుడిచేశాడట.

అప్పుడు మామ గొంతు సవరించుకున్నాడు. మా వాళ్లలో అన్నదమ్ములు వేరు పడితే పంపకాలకు మామనే పిలిచేవాళ్లు. ఇల్లు, బావి, గోడ మీద మామిడికొమ్మ, ఏదైనా సరే చిటికెలో పంచేసేవాడు. ఇప్పుడు నాలుగు టైర్లనూ అదే చూపు చూశాడు.

"ముందర కూర్చొనేది ఎవరు? వీడు. వెనక కూర్చొనేది ఎవరు? వాళ్ల అత్త. ముందర రెండూ వీడికి కావాల్సిన జిగురువి వెయ్యి. వెనక రెండూ ఆమెవి, మెత్తగా పోయేవి వెయ్యి. ఎవరి భాగం వాళ్లకి. అయిపాయె."

ఆ న్యాయానికి నాకు ఒళ్లు పులకరించింది. పట్టిక "సూపర్ అంకుల్" అని నోట్ చేసుకున్నాడు. రాయలు ఒక్కడే నుదురు కొట్టుకున్నాడు.

"అప్పా, బండి అంటే అన్నదమ్ముల ఆస్తి కాదు. మంచి పట్టు ఎప్పుడూ వెనక ఉండాల. ముందర పట్టి, వెనక జారిందంటే బొంగరమే."

"రాయలూ, నువ్వు టైర్లు అమ్మినావు. నేను ముప్పై ఇండ్లు పంచినా. ఒక్కరూ కోర్టుకు పోలేదు."

రాయలు పానా అందుకున్నాడు. టైర్లు బిగించేశాడు.

రెండు రోజులకు ఆయుధపూజ. కొట్టు ముందు కారు నిలబెట్టి, మామ ఒక్కో టైరుకూ ఒక్కో దండ వేసి, పసుపు కుంకుమలు పెట్టి, కింద ఒక్కో నిమ్మకాయ ఉంచాడు. (పంపకంలో నిమ్మకాయలు కూడా తలా రెండు. నావి పెద్దవి.) బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొట్టాడు. పూజ అయ్యాక అత్తను ఇంటికి దింపి రమ్మన్నాడు. అత్త పూజలో పంచగా మిగిలిన బస్తాడు బొరుగుల (మరమరాల) సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

ఆ రోజు బెంగుళూరులో తారు రోడ్డు ఉండదని మీకు తెలిసే ఉంటుంది. ప్రతి కొట్టూ, ప్రతి ఆటో స్టాండూ, ప్రతి వర్క్‌షాపూ వీధిలోనే గుమ్మడికాయ పగలగొడతాయి. ఆ గుజ్జు మీద కుంకుమ, దాని మీద అరటాకులు. మా వీధి మలుపు ఒక్కదాంట్లోనే తక్కువలో తక్కువ నాలుగు వందల కాయలు పగిలి ఉన్నాయి. ఆ మలుపులో, కొత్త టైర్ల పట్టు అత్తకు ఒక్కసారి రుచి చూపిద్దామని, స్టీరింగు కొంచెం విసురుగా తిప్పాను. నా రెండు టైర్లూ నేలను పట్టుకున్నాయి. అత్తవి రెండూ గుమ్మడి గుజ్జు మీద హాయిగా షికారు వెళ్లాయి. కారు తిరిగింది. ముందు అద్దంలోంచి చెరుకు గడలు కనబడ్డాయి, ఆటో స్టాండు కనబడింది, అరటి పిలక నములుతున్న ఒక ఆవు కనబడింది, మళ్లీ చెరుకు గడలు, మళ్లీ అదే ఆవు. రెండోసారికి అది నమలడం ఆపేసింది. చివరికి కారు వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. లోపల బొరుగుల వాన. నా చెవుల్లో బొరుగులు, ముక్కులో బొరుగులు, హారన్ నొక్కితే అందులోంచి కూడా బొరుగులు.

"ఇంకోసారి తిప్పుతారా సార్? మావాడు చూడలా" అన్నాడు ఆటో డ్రైవరొకడు.

నాకు తాళంచెవి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. వెనక్కి చూడటానికి ధైర్యం చాలక అద్దంలో చూశాను. అత్త కనబడలేదు. అంతలో వెనక సీటు కింది నుంచి 'టక్' మని ఒక శబ్దం. బొరుగుల కుప్ప కదిలి, అందులోంచి మా అత్త లేచింది. నిటారుగా లేచింది. మూడేళ్లుగా వంగి ఉన్న నడుము లైటు స్తంభంలా నిలబడింది. "ఒరే అల్లుడా, పోయిందిరా నొప్పి" అని కారు దిగి, సంచి భుజాన వేసుకుని, నన్నూ, కారునూ, ఆటోవాళ్లనూ వదిలేసి ఇంటికి చకచకా నడిచిపోయింది. మర్నాడు పొద్దున చామరాజపేటలో నడుము నొప్పి ఉన్న పదకొండు మంది ఆడవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని మా కారు ముందు వరుసలో నిలబడ్డారు. కాడుగోడి వైద్యుడు కొట్టు మూసుకున్నాడు.

అలా తాళంచెవి నా జేబులోనే నిలిచింది. ఆదివారం ట్రాక్‌కు వెళ్లాం. అక్కడ కార్లను పరీక్ష చేసే పెద్దమనిషి నా టైరు గాడిలోంచి చిన్న పుల్లతో ఒక గుమ్మడి గింజ, నిమ్మతొక్క తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ముందు టైర్లు చూశాడు, వెనక టైర్లు చూశాడు. "ఈ నాలుగూ ఒక కారువేనా?" అన్నాడు. "పార్టిషన్ అయింది సార్" అన్నాడు పట్టిక.

ఆ పెద్దమనిషి మెల్లగా పొమ్మని చెప్పి వదిలాడు. మొదటి మలుపులో బొంగరం, రెండో మలుపులో బొంగరం, మూడో మలుపులో నేను బ్రేకు వేయకముందే కారు దానంతట అదే అలవాటు కొద్దీ తిరిగింది. నేను ట్రాక్ మీద వెళ్లిన దూరంలో సగం వెనక్కి చూస్తూనే వెళ్లాను. అక్కడ అవసరానికి ఉంచే అంబులెన్సు పక్కకు తప్పుకోమని హారన్ కొట్టి నన్ను దాటిపోయింది. అక్కణ్నుంచి తిన్నగా జె.సి. రోడ్డుకు వెళ్లి కారు ఆపాను. రాయలు ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో ఆయన మెడ నరాలే చెప్పాయి. నాలుగూ విప్పి, నాలుగూ మధ్యరకానివి బిగించాడు.

ఇక మాటిచ్చినట్టు చెప్పేస్తాను. గుమ్మడికాయలు నిజం. బొరుగులు నిజం. ఆవు నిజం, అంబులెన్సు ఇంచుమించు నిజం. ఆ 'టక్' అబద్ధం. పదకొండు మంది ఆడవాళ్లూ, మూసిన కొట్టూ దాని పిల్లలే.

జరిగింది ఇది. కారు ఆగాక అత్త సీటు పట్టుకుని మెల్లగా సర్దుకుని కూర్చుంది. తర్వాత చీర మీంచి ఒక్కో బొరుగు తీసి సంచిలో వేస్తూ, "ముందు ఇవి ఏరు నాయనా. మీ మామ చూస్తే అడుగుతాడు" అంది. ఇద్దరం ఏరాం. దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది, ఆ పట్టు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. పది రోజులు గోడ పట్టుకుని నడిచింది. ఆ సాయంత్రం మామ, "నడుం ఏమాయె?" అని అడిగితే, "పూజకని ఇత్తడి గంగాళం నేనే ఎత్తినా. ఎవరినన్నా పిలిచి ఉంటే సరిపోయేది" అంది. అన్నం తిన్నంతసేపూ మామ ఆమెను చివాట్లు పెడుతూనే ఉన్నాడు. ఆమె వింటూ నా పళ్లెంలో పప్పు వేసింది. నేను తల ఎత్తలేదు. తాళంచెవి తిరిగి ఇవ్వనూ లేదు. సిగ్గు లేకుండా ఆ ఆదివారం ట్రాక్‌కు వెళ్లాను కూడా. వచ్చాక, "ఎన్నో నంబరు వచ్చినావురా?" అని మంచం మీంచే అడిగింది. "మూడు, అత్తా" అన్నాను. "మంచిదే" అంది, గోడ వైపు తిరిగి. భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకుంటోందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు నమ్మిందనే అనుకున్నాను.

ఇప్పుడు నాకు సొంత కారు ఉంది. టైర్లు మార్చిన ప్రతిసారీ మధ్యరకమే అడుగుతాను, రెండే మారిస్తే కొత్తవి రెండూ వెనకే వేయమంటాను. "వెనక ఎవరు కూర్చుంటారు సార్?" అని అడుగుతారు కొట్లో. ఇప్పుడు వెనక సీట్లో నా లాప్‌టాప్ సంచి తప్ప ఎవరూ కూర్చోరు. అయినా, "మా అత్తండీ, నడుము నొప్పి మనిషి" అంటాను.

ఆ ఒక్క మాటను మాత్రం నాలుగుతో భాగించకండి.